ఆలస్యంగా వచ్చిన ఎర్రటోపీ

2022 ఆగస్టు 27న ఫ్రాన్సిస్ పాపుగారు హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనికి ఎర్రటోపీ పెట్టి కార్డినల్‌ను చేశారు. తెలుగువాళ్లలోనే కాదు, దేశంలోని దళితుల్లోనూ ఆయనే మొదటివారు. కర్నూలు సీమలో పుట్టి, పేదరికంతో ఏడో తరగతి దగ్గర బడి మానేసి, మిషనరీల ఆసరాతో మళ్లీ చదువుకుని, 1992లో ఫాదర్, 2008లో కర్నూలు బిషప్ అయ్యారు. దీన్ని పట్టుదల కథగా చెప్పుకుని చప్పట్లు కొట్టడం తేలిక. నన్ను పట్టి ఆపేది మాత్రం ఆలస్యం. మన దేశానికి తొలి కార్డినల్ 1953లోనే వచ్చారు. ఆఫ్రికాలో టాంగన్యికాకు ఇంకా స్వాతంత్ర్యమైనా రాకముందే, 1960లో ఆ గడ్డమీది నల్లజాతి బిషప్ లారియన్ రుగాంబ్వాకు రోము ఆ హోదా ఇచ్చింది. రంగును దాటిన కతోలిక శ్రీసభకు మన కులాన్ని దాటడానికి మరో 62 ఏళ్లు పట్టింది.

దేవుడి ఇంట్లో కులం లెక్కలేమిటని కొందరు నొచ్చుకుంటారు. ఈ దేశపు కతోలికుల్లో సగానికి పైగా దళితులే అయినప్పుడు ఆ లెక్క తీయకపోవడమే అన్యాయం. గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప కల్లాల్లో ముక్కుకు గుడ్డ కట్టుకుని తాలుకాయలు ఏరే కూలీల్లో ఎందరో ఆదివారం గుడికి పోయేవాళ్లే. అక్కడ మరియమ్మ అయిన మనిషి బడి రికార్డులో హిందూ మాదిగ. ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. మతం మారినా పల్లె మారదని మాత్రం 1985లో కారంచేడు, 1991లో చుండూరు దళిత ఊచకోతలు రుజువు చేశాయి.

ఒక్కరికి ఎర్రటోపీ పెడితే కూలి పెరుగుతుందా అనే ప్రశ్న ఇంకా గట్టిది. పెరగదు. 2025 మేలో కొత్త పాపుగారిని ఎన్నుకున్న 133 మందిలో పూల ఆంథోని ఒకరు. ఆ ఓటు విలువ ఏ యూరప్ కార్డినల్ ఓటుకూ తీసిపోదు. అయినా పల్లెకు కావలసింది రోములో ఓటు కాదు, ఇక్కడి క్రైస్తవ బడిలో సీటు, కాలేజీలో ఉద్యోగం, శ్మశానంలో సమాన చోటు. తమలోనూ వివక్ష ఉందని బిషప్పుల సమాఖ్య 2016 నాటి విధాన పత్రంలో ఒప్పుకుంది. ప్రభుత్వాన్ని ఎస్సీ హోదా అడగడం న్యాయమే. అయితే తన చేతిలో ఉన్నవాటిని ముందు పంచిపెట్టిన శ్రీసభ అడిగినప్పుడే ఆ డిమాండుకు బలం వస్తుంది.