చూపుటకు తగిన కాలము

చిత్రలేఖనము నభ్యసించు యువకుడు గాని యువతి గాని తాను వ్రాసిన పటములను లోకమునకు ఎప్పుడు చూపవచ్చును? ఈ ప్రశ్నకు పెద్దలు తడుముకొనకుండ ప్రత్యుత్తర మిత్తురు. చేయి తిరిగిన పిమ్మట చూపవలెనందురు. కాయ పండకముందే కోయరాదని యుపమానము కూడ చెప్పుదురు. ఈ యుత్తరమును నేనును పలుమారులు చెప్పినవాడనే; చెప్పి, మంచిపని చేసితినని సంతసించినవాడనే. ఇప్పుడు నాకా నమ్మకము లేదు. ఏల లేదో చెప్పుటకే యీ వ్యాసము.

మొదట ఆ యుపమానమునే పరీక్షింతము. చెట్టుననున్న కాయ యెవరు చూచినను చూడకున్నను పండును. ఎండయు నీరును దానికి చాలును. పటము వ్రాయువాని నేర్పు అట్టిది కాదు. వ్రాసినవాడు తన కాగితమువంక చూచినప్పుడు తాను వ్రాయదలచినది కనబడును గాని, వ్రాసినది కనబడదు. తన మనస్సులోని చెట్టు ఆకులతో, నీడతో నిండుగా నిలిచియుండును. కాగితముమీది చెట్టు చీపురుకట్టవలె నుండును. రెంటికిని గల భేద మాతనికి తెలియదు. అందుచేతనే కొందరు చిత్రకారులు తమ పటమును అద్దమున చూచి, అది పరాయివాని పటమువలె తోపగా, తప్పులు పట్టుకొందురు. అద్ద మొకటి రెండు తప్పులను చూపును. తక్కినవానిని చూపుటకు మరియొక మనుష్యుడే కావలెను. కాబట్టి చూపుట యన్నది నేర్చుట ముగిసిన పిమ్మట లభించు బహుమానము కాదు. నేర్చుటలో నదియు నొక భాగము.

హాలండుదేశపు చిత్రకారుడు విన్సెంట్ వాన్ గోహ్ కథ చదువరులలో చాలమందికి తెలిసినదే; కాని యది సాధారణముగా ఆతని పిచ్చినిగూర్చియు దారిద్ర్యమునుగూర్చియు చెప్పబడుచుండును. నాకు కావలసినది ఆతని విద్యార్థిదశ. ఆతడు 1853లో జన్మించెను. పటములమ్ము వర్తకశాలలో కొలువు, బడిపంతులు పని, మతప్రచారము, అన్నియు చేసి చూచి, దేనియందును నిలువలేక, 1880లో ఇరువదియేడేండ్ల ప్రాయమున చిత్రకారుడ నగుదునని నిశ్చయించుకొనెను. అప్పటి యాతని గీతలు మొరటువి. మనుష్యులు కొయ్యబొమ్మలవలె నుందురు. ఆ సంగతి యాతనికిని తెలియును. బార్గ్ అను నాతడు విద్యార్థులకై అచ్చువేయించిన మాదిరిచిత్రములను ముందుంచుకొని, విసుగు లేక మరల మరల వానికి నకళ్లు వ్రాసెను. అట్లని చేయి తిరుగువరకు దాచుకొనెనా? లేదు. పటముల వర్తకశాలలో పనిచేయుచున్న తమ్ముడు తియోకు ఉత్తరములు వ్రాయుచు, ఆ యుత్తరముల నడుమనే తాను వ్రాయుచున్న పటముల ఛాయలు గీసి, ఎక్కడ నేరంగు వేసినది కూడ చెప్పుచుండెను. తమ్మునికి వ్రాసిన వానిలో నేటికి నిలిచిన యుత్తరములే ఆరువందలకు మించియున్నవి. 1882లో, అనగా కుంచెపట్టిన రెండేండ్లకే, వర్తకుడైన పినతండ్రి హేగు నగరపు దృశ్యములను పండ్రెండింటిని కలముతో గీసి యిమ్మనగా, నే నింకను విద్యార్థినే యని తప్పించుకొనక గీసి యిచ్చెను.

తరువాత 1885లో బంగాళాదుంపలు తినువారి పటము వచ్చినది. శీతకాలమంతయు పల్లెవాండ్ర ముఖములను నలువది వరకు వ్రాసి సాధన చేసి, దీపపు వెలుగున నొక రైతుకుటుంబము భోజనము చేయుట నాతడు చిత్రించెను. దానిని రాతియచ్చున వేసి, వాన్ రప్పార్డ్ అను చిత్రకార మిత్రునకు పంపెను. ఆ మిత్రుడు మొగమోటము లేక దానిని ఖండించెను. చేతులు సరిగా లేవనియు, మనుష్యుల యాకారము కుదురలేదనియు, ఇది శ్రద్ధగల పని కాదనియు వ్రాసెను. విన్సెంట్ మండిపడి యాయుత్తరమును త్రిప్పి పంపెను. అయిదేండ్ల స్నేహము ఆ యేటనే తెగిపోయినది.

ఇందులో తప్పెవరిది? రప్పార్డ్ మాటలలో కాఠిన్య మున్నది, కాని యసత్యము లేదని నా యభిప్రాయము. ఆ పటమునకు నేడు గల గౌరవము వేరు మాట. నన్నాకర్షించినది ఆ వేసవి. ఆ వేసవియందు విన్సెంట్ పొలములవెంట తిరిగి, త్రవ్వువారిని, కోతకోయువారిని, పనలు కట్టువారిని నిండు విగ్రహములుగా, నడుము వంపు, భుజము బరువు తెలియునట్లు, పెద్ద కాగితములపై వ్రాసెను. మిత్రుడు వేలుపెట్టి చూపిన లోపము సరిగా నదియే. నోరు దానిని ఒప్పుకొనలేదు, చేయి ఒప్పుకొన్నది. ఆ పటమును పెట్టెలో దాచియుండిన స్నేహము నిలిచియుండును. ఆ వేసవి పని మాత్రము జరిగియుండునని నేను నమ్మజాలను.

పొగడ్త యాతనికి తెగడ్తకంటె తక్కువ బాధ నిచ్చినదనుకొనరాదు. 1890 జనవరిలో ఓరియే అను విమర్శకుడు పారిసు పత్రికలో నాతని నాకాశమున కెత్తుచు వ్యాసము వ్రాయగా, ఇట్టివి మరి వ్రాయవద్దని చెప్పుమని తమ్మునికి జాబు వ్రాసెను. ఆ సంవత్సరమే బ్రస్సెల్సు ప్రదర్శనమున ఆతని ద్రాక్షతోట పటమును నన్నూరు ఫ్రాంకుల కొకామె కొనెను. ఆమెయు చిత్రకర్త్రియే. జులైలో ఆతడు చనిపోయెను.

మన గోదావరీతీరమున మరియొక చరిత్ర యున్నది. దామెర్ల రామారావుగారు 1897లో రాజమహేంద్రవరమున జన్మించిరి. అచ్చటి ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగానుండిన కూల్డ్రే దొర స్వయముగా చిత్రకారుడు. రామారావుగారి పిల్లచేతి గీతలు ఆయన కంటబడినవి. కంటబడినవి కనుకనే యాయన ప్రోత్సాహమున ఆ బాలుడు బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు పోగలిగెను. అడివి బాపిరాజుగారును ఆ దొర శిష్యులే. చదువు ముగించి వచ్చిన రామారావుగారు పేరుప్రతిష్ఠలు నిండుగా గడించువరకు ఆగక, స్వస్థలముననే చిత్రకళాశాల నెలకొల్పి, తనకంటె చిన్నవారికి నేర్పుచు, తాను వ్రాయుచు, పటములను దూరదేశముల ప్రదర్శనములకు పంపుచు కాలము గడపిరి. 1925 ఫిబ్రవరిలో మశూచికము సోకి మరణించిరి. అప్పటి కాయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

చదువరులు ఈ రెండు వయస్సులను ఒకచో నుంచి చూడవలెను. ఏ యీడున విన్సెంట్ కుంచె పట్టుటకు నిశ్చయించుకొనెనో, ఆ యీడుననే రామారావుగారి కుంచె జారిపోయినది. పండిన పిమ్మట చూపుదమని రామారావుగారు కూర్చుండిన, నేడు రాజమహేంద్రవరమున ఆయన పేర నున్న చిత్రశాల గోడలపై ఏమి యుండెడిది? పండుట కెంత గడువున్నదో కాయకు తెలియదు. సలహా చెప్పు పెద్దలకును తెలియదు.

లోకమునకు చూపుట యన్నది వ్రాసినవాని పని మాత్రమే యనుకొనుట కూడ పొరపాటు. విన్సెంట్ పోయిన ఆరుమాసములకే తియోయు పోయెను. ఆతని భార్య యోహన్నాకు అప్పుడు ఇరువదియెనిమిదేండ్లు. ఒడిలో ఏడాది నిండవచ్చిన పసివాడు. ఇల్లు నిండ ఎవరును కొనని పటములు. ఆమె యొక చిన్నయూరిలో బసయిల్లు నడుపుకొనుచు, గృహకృత్యములనడుమ ఆ పటములను ప్రదర్శనములకు పంపెను, తెలిసినవారికి చూపెను, 1905లో ఆమ్‌స్టర్‌డామున నన్నూటయెనుబది వరకు కృతులతో మహాప్రదర్శనము జరిపించెను, 1914లో ఉత్తరములను మూడు సంపుటములుగా ప్రకటించెను. ఇక్కడ రామారావుగారి పటములు చెదరిపోకుండుటకు కారకులు ఆయన భార్య సత్యవాణీదేవియు, పాఠశాలను సాగించిన వరదా వెంకటరత్నముగారు మొదలగు మిత్రులును. ఇంటివా రెవ్వరును చూపనిచో లోక మేమి చూచును? ఈ మాట యింటివారినిగూర్చి మరియొక ప్రశ్నను తెచ్చిపెట్టుచున్నది. చూపగల యింటివారే చూపనీయకుండుటయు గలదు గదా!

దానికి రాకముందు ఒక యాక్షేపమునకు సమాధానము చెప్పవలెను. ఉదయమున గీసిన గీతను సాయంకాలములోపల చేతిలోని ఫోనుద్వారా వేలమందికి చూపు యువకులు నేడు వీథి కొకరున్నారు. వారికంటె దాచుకొనువాడే మేలు కాదా యని కొందరందురు. వారి చేయుదానిని నేను చూపుట యనను. వేలమంది మెచ్చుకోలును లెక్కపెట్టుకొనుట అది. ఎడమచేయి వంకరగా నున్నదని చెప్పగల మనుష్యుడొకడు వారి కింకను దొరకలేదు. అట్టివాడు దొరకిన పదిమంది చాలును. రప్పార్డ్ వంటివాడైన ఒక్కడు చాలును. అయినను వారియందు నాకు కోపము లేదు. దాచుకొనువానికి ఏ ముఖమును ఎదురుపడదు, మంచిదియు చెడ్డదియు. దాచుకొనుటను మనము వినయమందుము. నిజమునకు, లోపములతో నితరుల కంట పడరాదను నభిమానమే యందు హెచ్చు పాలుండును.

ఇక నా సంగతి చెప్పెదను. నలువదియేండ్ల క్రిందట నా మేనకోడలొకతె, పదునేడేండ్లది, బొగ్గుతోను నీటిరంగులతోను బొమ్మలు వ్రాయుచుండెను. ఎవరును నేర్పలేదు. ఒకనా డొక పటము తెచ్చి నా చేతి కిచ్చినది. మా పెద్దమేనత్తగారు పెరటివసారాలో, ఇంటిల్లిపాదియు తినిన తరువాత, ఒంటరిగా గోడకు చేరగిలబడి విస్తరిముందు కూర్చున్న బొమ్మ. ఆవిడ పదునాల్గవయేట భర్తను పోగొట్టుకొని పుట్టినింటికి వచ్చి, అరువదియేండ్లు ఆ వసారాలోనే గడపినది. ముందుగదిలోనికి శుభకార్యమునాడు వచ్చుట మే మెవ్వరమును ఎరుగము. పటమున ఆవిడ ముఖము వంచియున్నది. చేయి విస్తరిదాక వచ్చి ఆగిపోయినది. ముందుగదినుండి పడిన వెలుతురు ఆవిడ పాదములదాక వచ్చి నిలిచినది.

పట్టణమున జరుగు ప్రదర్శనమున కది పంపవచ్చునా యని పిల్ల యడిగెను. "ఇంకను చేయి తిరుగలేదమ్మా. కొంతకాలము పోనిమ్ము, తరువాత చూతము" అంటిని. ఆమె మారుమాటాడక కాగితము చుట్టుకొని వెడలిపోయెను.

నా మాట యబద్ధము కాదు. చేయి తిరుగలేదు. కాని నే నామాట చెప్పినది అందుకు కాదు. వితంతువుల స్థితినిగూర్చి సభలలో నుపన్యసించినవాడను నేను. నా యింటి వసారాను పదిమంది చూచుట నా కిష్టము లేకపోయినది. ఆ జంకునకు చిత్రకళామర్యాద యను చక్కని ముసుగు దొరకినది. అనుమతి లేక ఒకరి దైన్యమును గోడకు వ్రేలాడదీయుట న్యాయమా యని కూడ నాలో నేను తర్కించుకొంటిని. అది మంచి ప్రశ్నయే. అయిన ఆవిడ నడుగవలెనని నాకు తోచలేదు. పిల్ల ముందే యడిగినదట. "నా ముఖ మెవరు చూతురే పిచ్చిదానా!" అని నవ్వి, ఆవిడ మూడు మధ్యాహ్నములు కదలక కూర్చున్నదట. ఈ సంగతి నాకు ఆవిడ పోయిన చాలయేండ్లకు గాని తెలియలేదు.

మేనకోడలికి పెండ్లియైనది, పిల్లలు, కాపురము. తరువాత ఆమె బొమ్మలు వ్రాయలేదు. నిరుటి వేసవిలో వారియింటికి పోయినప్పుడు నేనే ఆ పటముమాట యెత్తితిని. ఆమె మేడమీది ఇనుపపెట్టె తెరచినది. కాగితములు ఒకదానికొకటి అంటుకొని, పురుగు కొట్టి, తీయబోగా పొడియైనవి. నా పశ్చాత్తాపమును నేను పెద్దమాటలతో చెప్పుకొనుచుండగా ఆమె యడ్డుపడి యిట్లనెను:

"మామయ్యా, బాగుండలేదని అప్పుడే చెప్పవలసినది. ఎక్కడ బాగుండలేదో చెప్పియుండిన మరల వ్రాసియుందును. నీవు ఆగుమంటివి. ఆగితిని."

ఆ చుట్టలో వసారాబొమ్మ సగము దక్కినది. ముఖము పోయినది. చేయి, విస్తరి, పాదములు, వాని ముందర ఆగిన వెలుతురు మిగిలియున్నవి. అడిగి తెచ్చుకొని నా వ్రాతబల్లమీద నుంచుకొంటిని. రోజును చూచుచున్నాను. చేయి ముంజేతికి కుదురలేదు, మణికట్టు వద్ద విరిగినట్లున్నది, వ్రేళ్లు పొడుగు. విస్తరి అంచు చక్కగా వచ్చినది. మొన్న నొక జాబులో ఇదంతయు ఆమెకు వ్రాసి, ఒక బొగ్గుకడ్డీల పెట్టెతో కూడ పంపితిని.