ఆ కథ ఎవరిది?

అమెరికా కాలేజీలకు కామన్ యాప్‌లో దరఖాస్తు చేస్తే, నీ గురించి 650 పదాలు మించకుండా రాయాలి. మన దేశంలోనూ కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఇలాంటి వ్యాసం అడుగుతున్నాయి. మన పిల్లలు ముందుగా ఇంటి కష్టమే రాస్తారు. తప్పేం లేదు.

నా దగ్గర చదివిన ఒక కోయ అమ్మాయి, పోడు కేసులో వాళ్ల నాన్న జైలుకెళ్లిన సంగతి రాసి తెచ్చింది. బాగా రాసింది, దిద్దడానికి నాకే చెయ్యి రాలేదు. "నాన్నకు చెప్పావా?" అన్నాను.

"ఆయనకు చదువు రాదు కదా సార్."

చదువు రానివాడి బతుకును అడక్కుండా రాసేయొచ్చా? మన మీద పుస్తకాలు రాసిన బయటివాళ్లను మనం నిలదీసేది ఈ మాటతోనే. అలాగని ఆ జైలు నాన్నది మాత్రమే కాదు. ఆ ఏడాది బడి మానేసి మిర్చి కోతకు వెళ్లింది ఈ పిల్లే.

సెలవులకు వెళ్లినప్పుడు కోయలో చెప్పి వినిపించింది. ఆయన అంతా విని, "జైలు సంగతి ఉండనీ, అది దాచేది కాదు. నేను ఏడ్చింది మాత్రం తీసెయ్" అన్నాడట.

తీసేసింది. వ్యాసం కాస్త పలచబడిందని తోటి మాస్టారు అన్నారు. నిజమే. ఆ ఖాళీలో తన కూలి రోజులు రాసి పంపింది.