ఐదవ పాదము

శ్రీకాకుళ విజయనగర మండలములలో బి.ఫార్మసీయో ఫిజియోథెరపీయో దంతవైద్యమో ముగించి, ఒక్కొక్క రోగితో గాక ఆసుపత్రి యను సమష్టి వ్యవస్థతోనే తమ జీవితమును ముడివేసికొనవలెనని తలచి, ఆసుపత్రి పరిపాలనమునందు స్నాతకోత్తర విద్యకు దరఖాస్తులు నింపుచున్న యువతీయువకులు నేడు పెక్కుమంది కలరు. వారిని ఇంటి పెద్దలడుగు ప్రశ్న యొక్కటే: “ఆ సదువు సదివితే ఏటొస్తాదిరా? జీతం ఎంతిస్తారేటి?” (వాడుకభాషకై పోరాడిన గిడుగువారు జన్మించిన పర్వతాలపేట ఈ సీమయందే యుండగా, ప్రశ్నను ప్రజల నోటిమాటలోను జవాబును గ్రాంథికమునను వ్రాయుచున్నందుకు నన్ను చూచి నవ్వువారు నవ్వవచ్చును; అలవాటుపడిన చేయి త్రోవ మార్చుకొనదు.) ఆ ప్రశ్నయందు తప్పేమియు లేదు, దాని సంగతి పిమ్మట చూతము. కాని అంతకు పూర్వము తేలవలసిన ప్రశ్న వేరొకటి యున్నది, దానిని ఏ దరఖాస్తు పత్రమును అడుగదు. నాడి పట్టనివాడు, పుండు కడుగనివాడు, బాధపడువాని ప్రక్కను రాత్రి మేలుకొననివాడు, మనుష్యులను వస్తువులను ధనమును కాలమును సమకూర్చుటయే పనిగా గలవాడు, వైద్యధర్మమునందు భాగస్వామి యగునా, కాడా?

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. ఈ పదునారు గుణముల పట్టికయందు నిర్వాహకునికి చోటు లేదు. పైపైన చదువువాడు ఇంతటితోనే తీర్పు చెప్పివేయవచ్చును. కాని అదే గ్రంథమున సూత్రస్థానములోని పదునేనవ అధ్యాయమును తెరచినచో, ఇల్లు దృఢముగా నుండి పెనుగాలి సోకక ఒకవైపున మాత్రము గాలి చొచ్చునట్లుండవలెననియు, పొగయు ఎండయు ధూళియు లోనికి రాగూడదనియు, నీటితొట్టియు రోలును రోకలియు మరుగుదొడ్డియు స్నానపుచోటును వంటయిల్లును అందు అమరియుండవలెననియు, వండుటలోను స్నానము చేయించుటలోను ఒడలు పట్టుటలోను రోగిని లేవదీయుటలోను మందులు నూరుటలోను నేర్పరులైన పరిచారకులేగాక పాటలు పాడువారును కథలు చెప్పువారును పాడియావును గూడ ముందే సిద్ధముగా నుండవలెననియు, ఒక ఆసుపత్రి సూపరింటెండెంటు తయారుచేసిన జాబితావలె వర్ణన సాగుచుండును. ఇదంతయు ఎందుకన్నచో, ఆపద ముంచుకొని వచ్చిన వేళ అంగడిలో సరకు దొరకునదే యైనను అప్పటికప్పుడు దానిని సరిగా సమకూర్చుట సులభము కాదని ఆచార్యుని సమాధానము. ఇట్లు ముందే సమకూర్చుటయే ఉపకల్పనము గనుక ఆ అధ్యాయమునకు ఉపకల్పనీయమని పేరు. నాలుగు పాదములలో లెక్కింపబడని ఐదవ పాదమొకటి నేలక్రింద మరుగుపడి తక్కిన నాలుగింటిని మోయుచున్నదని నేను తలంతును.

అయితే చరకుని నిజాయితీ మరియొక యెడ నన్ను మరింత ఆకర్షించినది. ఇంతటి సన్నాహము రాజునకో రాజతుల్యునకో విపులధనము గలవానికో చెల్లునని ఆయన దాచక చెప్పెను. పేదవాడు ఆపదయందు తనకు దొరకిన మందునే సేవింపవలెననియు, అందరు మనుష్యులకు అన్ని పరికరములు ఉండవు గాని దారుణరోగములు మాత్రము దరిద్రులను విడిచిపెట్టవనియు ఆ అధ్యాయము చివర కనబడును. వైద్యశాస్త్రము తన చేతగానితనమును ఇంత నిష్కపటముగా ఒప్పుకొన్న సందర్భములు అరుదు. ధనికునికి ఉపకల్పన వాని ధనమే చేయును. పేదవానికి ఎవరు చేయవలెను? ఈ ప్రశ్నను చరకుడు ఖాళీగా విడిచెను.

ఆ ఖాళీని పూరింప యత్నించిన శాసనమొకటి మన పొలిమేరకు అవతలనే యున్నది. ఇచ్ఛాపురము దాటి గంజాం జిల్లాలోనికి పోయినచో జౌగడయను చోట క్రీ.పూ. 3వ శతాబ్దమునాటి అశోకుని శిలాలేఖ యున్నది. మనుష్యులకును పశువులకును వేర్వేరుగా చికిత్స ఏర్పాటుచేయుట, ఓషధులు లేని తావులకు వానిని తెప్పించి నాటించుట, బాటలవెంట బావులు త్రవ్వించి చెట్లు పెంచుట అందు రాజకార్యములుగా చెప్పబడినవి. అన్యత్ర కళింగయుద్ధపు పశ్చాత్తాపమును చెప్పు శాసనము ఇచ్చట లేదు. ఓడిన దేశమున దానికి బదులుగా, సమాపా నగరపు మహామాత్రులను ఉద్దేశించిన ప్రత్యేక శాసనములు రెండు చెక్కబడినవి. ప్రజలందరు నా బిడ్డలని చెప్పి యూరకొనక, వేలకొలది ప్రాణులపై నియమింపబడిన అధికారి తన ధర్మమును తప్పుటకు గల హేతువులను రాజు అందు ఒక్కొక్కటిగా ఏకరువు పెట్టెను: ఈర్ష్య, కోపము, క్రూరత్వము, తొందరపాటు, అభ్యాసలోపము, సోమరితనము, అలసట. మొదటి మూడింటిని ఏ నీతిగ్రంథమైనను చెప్పును. తొందరపాటును అలసటను క్రూరత్వము ప్రక్కనే నిలిపిన దృష్టి మాత్రము పరిపాలనమును ఎరిగినవాని దృష్టి. అత్యవసర విభాగమున తెల్లవారుజామున రెండు గంటలకు జరుగు అధర్మములలో అధికభాగము క్రూరుల వలన గాక అలసినవారి వలననే జరుగుచున్నవి. అట్లు అలసిపోకుండ డ్యూటీ పట్టికను వ్రాయవలసినవాడే నిర్వాహకుడు.

ఆరోగ్యమును సూర్యభగవానుని వలన కోరవలెనని పెద్దలు చెప్పుదురు. అందుకే రథసప్తమినాడు అరసవల్లికి జనము పోటెత్తును. ఆ దేవుని అనుగ్రహమునకు వంతులు లేవు, ఒకనిపై పడిన కిరణము మరియొకనికి తగ్గదు. మనుష్యుని సాధనములు అట్టివి కావు. ఉద్దానమున, అనగా కవిటి సోంపేట కంచిలి మందస వజ్రపుకొత్తూరు పలాస ప్రాంతములందు, కొబ్బరి జీడితోటల నడుమ దశాబ్దములుగా మూత్రపిండములను తినివేయుచున్న వ్యాధికి కారణమిదియని శాస్త్రజ్ఞులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. కారణము తెలియకున్నను డయాలసిస్ ఆపుటకు వీలులేదు. ఒకప్పుడు దానికై విశాఖపట్టణమునకు పోవలసియుండెను. క్రమముగా ఈ ప్రాంతమునందే కేంద్రములు వెలసినవి, 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండవ్యాధుల పరిశోధన కేంద్రమును ప్రారంభమైనవి.

ఇక లెక్క చూడుడు. ఒక యంత్రము రోజునకు మూడు షిఫ్టుల వంతున వారమునకు ఆరు దినములు నడచినచో మొత్తము 18 వంతులు. ఒక్కొక్క రోగికి వారమునకు 3 మారులు చేసినచో ఆ యంత్రము 6 గురిని మోయును; 2 మారులతో సరిపెట్టినచో 9 మందిని మోయును. ఆరుగురికి నిండుగా చేయుటయా, తొమ్మండుగురికి కొరతగా చేయుటయా? ఈ ప్రశ్నకు వైద్యుడు తన రోగి పక్షమున జవాబు చెప్పును, చెప్పవలెను గూడ. అది ఆయన ధర్మము. ఏడవవాడు ఆ గదిలో లేడు. కంచిలిలో ఇంటి అరుగుపై వాచిన కాళ్లతో కూర్చుండి యున్నాడు. వాని పక్షమున ఎవరు మాటలాడవలెను? మరియు నాలుగు గంటల డయాలసిస్‌లో నిమిషమునకు అరలీటరు చొప్పున సుమారు 120 లీటర్ల శుద్ధజలము రోగి రక్తమునకు పలుచని పొర ఆవల ప్రవహించును. వ్యాధికి కారణముగా నీటినే శంకించు సీమలో, ఆ నీటిని శుద్ధిచేయు ఆర్.ఓ. ప్లాంటు చెడిపోయిన దినమున ఎంతటి నిపుణుడైన నెఫ్రాలజిస్టైనను చేతులు కట్టుకొని కూర్చుండవలసినదే. ఆ ప్లాంటు చెడిపోక మునుపే దాని మరమ్మతు ఒప్పందమును చూచుకొన్నవానిని ఏ రోగియు ఎరుగడు, వానికి ఎవరును నమస్కరింపరు.

నా అభిప్రాయము ఇచ్చట స్థిరపడుచున్నది. వైద్యుని కరుణ ఎదుటనున్నవానిది. నిర్వాహకుని కరుణ ఎదుట లేనివానిది. ఎదుట లేనివానియందు కరుణ కలుగుట మనుష్యస్వభావమునకు కష్టము గనుక అది లెక్కల రూపమునను జాబితాల రూపమునను అభ్యసింపవలసిన విద్య యగుచున్నది. కొండలమీది గ్రామములనుండి నిండుచూలాలిని డోలీలో మోసికొని దిగుట ఈ సీమలో ఎల్లరును చూచినదే, కంట తడిపెట్టినదే. పార్వతీపురము ఐ.టి.డి.ఏ. వారు సాలూరునందును గుమ్మలక్ష్మీపురమునందును గిరిజన గర్భిణులకై వసతిగృహములు ఏర్పరచి, నొప్పులు రాకమునుపే వారిని క్రిందికి రప్పించి ఉంచుకొన్నప్పుడు అందు క్రొత్త మందేమియు లేదు, క్రొత్త శస్త్రచికిత్సయు లేదు. కాలము కొంచెము ముందునకు జరుపబడినది, అంతే. ఉపకల్పనమునకు ఇంతకన్న చక్కని ఉదాహరణము నేనెరుగను.

ఇక జీతము మాట. మీమాంసకులు యజ్ఞమున అంగములనియు ప్రధానమనియు విభజింతురు. అంగమునకు ప్రత్యేకఫలము లేదు, కాని అది లోపించినచో ప్రధానము పూర్ణము కాదు. పరిపాలనము అట్టి అంగము. అది తానే ప్రధానమని భ్రమించిన దినమున ఆసుపత్రి పడకలను నింపుకొను వ్యాపారశాల యగును. కాని మీమాంసకులు కఠినులైనను లోకజ్ఞులు. దర్శపూర్ణమాసములను యజ్ఞములందు నీరు సాధారణముగా చమసమను పాత్రతో తేవలెను. పశువులను కోరువాడు మాత్రము పాలు పిదుకు పాత్రతో తేవచ్చునని విధి. ఆ కోరిక తప్పు కాదు. అయితే ఆ పాత్ర యజ్ఞము వెలుపల ఆ ఫలమునీయదు. యజ్ఞమునకు కావలసిన నీటిని తెచ్చుచునే అది యజమానుని కోరికను తీర్చును. జీతము కోరి ఈ చదువున చేరు బిడ్డను నేను నిందింపను. వాడు తెచ్చు నీరు యజ్ఞమునకు చేరుచున్నదా యని మాత్రము అడుగుదును.

ఎచ్చట చేరవలెను? ఢిల్లీ ఎయిమ్స్‌లోని ఆసుపత్రి పరిపాలన పట్టము ఎం.బి.బి.ఎస్. చదివినవారికే గనుక తక్కినవారు దానిని తలపోయ నక్కరలేదు. హైదరాబాదున నిమ్స్‌లో బోధనాసుపత్రి నడుమనే ఈ విద్య సాగును. అపోలోవారి సంస్థ కార్పొరేటు ఆసుపత్రి పద్ధతులకు దగ్గర. ఐసెట్ వ్రాసి ఎం.బి.ఏ.లో దీనిని విశేషాంశముగా గైకొనువారును కలరు. బొంబాయిలోని టాటా సంస్థ 1936లో సంఘసేవను నేర్పు పాఠశాలగా పుట్టినది. ఆ పుట్టుక ప్రభావము నేటికిని దానిని విడువలేదని నాకు తోచును గనుక, సమాన ప్రవేశార్హత గలవానికి ముందు దానినే సూచింతును. బిల్లులు, బీమా, నాణ్యతాప్రమాణములు కార్పొరేటు వాతావరణమున చక్కగా నేర్వవచ్చును, అవియు అవసరములే. 2007 ఏప్రిల్ 1వ తేదీన పేదల ఆరోగ్యబీమా పథకమైన ఆరోగ్యశ్రీ మొట్టమొదట ఆరంభమైన మూడు జిల్లాలలో శ్రీకాకుళమొకటి. నాటినుండి ఇచ్చటి పేదవాని శస్త్రచికిత్స ఒక ముందస్తు అనుమతి కాగితముపై ఆధారపడియున్నది. ఆ కాగితము ఎచ్చట ఆగునో తెలియనివాడు ఈ సీమయందు నిర్వాహకుడు కాజాలడు.

అమెరికాకు పోవువారు మరి కొందరు. అచ్చట చికాగో విశ్వవిద్యాలయమున 1934లోనే ఈ విద్యకు స్నాతకోత్తర శాఖ ఏర్పడినది, నేర్వదగినది చాల యున్నది. కాని చాలమంది ఎన్నిక విషయమును బట్టి గాక వీసాను బట్టి జరుగుచున్నది. చదువు ముగిసిన పిదప పనిచేయుటకు అదనముగా 24 నెలలు లభించు ‘స్టెమ్’ జాబితాలో ఉన్నదను కారణముచేత పరిపాలనము విడిచి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ వైపు మరలువారిని చూచుచున్నాము. అప్పు తీర్పవలసినవానికి ఇది అవివేకము కాదు. అయినను దరఖాస్తుతో పంపు ఉద్దేశపత్రమున వారు వ్రాయు వాక్యములు చదివినప్పుడు నాకు ఆశ్చర్యము కలుగును. మనము పూజకు కూర్చున్నప్పుడు సంకల్పమున ద్వీపము, వర్షము, ఖండము, నది, సంవత్సరము, తిథి అన్నియు చెప్పి గాని కోరికను చెప్పము. ఎచ్చట నిలిచి ఎప్పుడు కోరుచున్నావో చెప్పని సంకల్పము చెల్లదు. కవిటిలో పుట్టిన పిల్లవాడు, మేనమామను డయాలసిస్‌కు తీసికొనిపోయినవాడు, తన పత్రమున ‘అభివృద్ధి చెందుచున్న దేశముల ఆరోగ్య సవాళ్లు’ అని వ్రాసి ఉద్దానమను పేరే ఎత్తడు. ఎవరో అట్లు వ్రాయవలెనని నేర్పియుందురు. ఎంపికసంఘమువారికి గూడ ఆ పేరు వినిపించుటయే మేలు.

చేరబోవు సంస్థను విద్యార్థి అడుగవలసిన ప్రశ్న నా లెక్కలో ఒక్కటే: ఇంటర్న్‌షిప్పునకు ఎచ్చటకు పంపుదురు? జవాబులో పెద్దనగరపు ప్రైవేటు ఆసుపత్రుల పేర్లు మాత్రమే వినిపించినచో అందు చేరవలదని నేననను, సీటు దొరకుటయే కష్టమైన వేళ అట్టి సలహా చెల్లదు. కాని వేసవి సెలవులలో టెక్కలిలోనో పార్వతీపురములోనో ప్రభుత్వాసుపత్రి సూపరింటెండెంటుగారికి అర్జీ పెట్టుకొని మందుల స్టోరునందు కొన్ని వారములు కూర్చుండవలెను. అచ్చట ఫార్మసిస్టు పంపిన ఇండెంటునకును జిల్లా గిడ్డంగినుండి నిజముగా వచ్చిన సరకునకును గల వ్యత్యాసమును మందు పేరు వరుసన వ్రాసికొని, గడువు తీరిన పెట్టెలు ఏ మూలనున్నవో చూచి, లేదనిపించుకొని తిరిగిపోయినవారు ఏ ఊరివారో ఓ.పి. చీటీలను బట్టి గుర్తింపవలెను.