బంతిపువ్వుకి విలువ ఎవరు పెట్టారు?

ఈ వారం వీడియోలో అధ్యాస గురించి మాట్లాడుకున్నాం. టైమ్ చాలక వదిలేసిన ముక్క ఒకటి ఇక్కడ రాస్తున్నా.

గుడిమల్కాపూర్‌లో ఝాంసింగ్ బాలాజీ దర్శనం చేసుకుని బయటికొస్తుంటే ఒక తమ్ముడు ఆపాడు. ఉద్యోగం పోయి నాలుగు నెలలైందట. "అన్నా, సక్సెస్సు, ఫెయిల్యూరు, పరువు, ఇవన్నీ నలుగురూ కలిసి అనుకున్నవే కదా. అట్లైతే దేవుడు కూడా నలుగురు అనుకున్నదేనా? అసలు నిజమనేదే లేదా?" వెటకారానికి అడగలేదు. నిద్ర లేని కళ్లు.

దూరం పోనక్కర్లేదు, పూల మార్కెట్ అక్కడే ఉంది. పొద్దున్నే వెళ్లి బంతిపూల బస్తాలు చూడండి. దసరా ముందు రేటు ఆకాశాన్నంటుతుంది. పండగ దాటితే అడిగే నాథుడుండడు. పువ్వు మారిందా? మన గడపకి తోరణమై, బతుకమ్మలో వరుసై కూర్చున్న ఈ బంతి పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్లు చనిపోయిన పెద్దలకు ఇంటి దారి చూపడానికి దీన్ని పరుస్తారు. రేటూ, అర్థమూ మనుషులు పెట్టినవే. మరి వాడిపోవడం? దానికి మన ఓటు అక్కర్లేదు. పండగ కదా అని ఒక పూట ఆగదు.

శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే ఈ గీత గీశారు. చేసే పని మనిషి చేతిలో ఉంటుంది: చెయ్యొచ్చు, మానొచ్చు, ఇంకోలా చెయ్యొచ్చు. అది పురుషతంత్రం. తెలుసుకోవడం అలా కాదు, వస్తువుని బట్టే ఉంటుంది. అది వస్తుతంత్రం. ఎదురుగా ఉన్నది స్తంభమైతే, ఊరంతా మనిషి అన్నా అది స్తంభమే.

అంతకన్నా ముందే, అధ్యాస భాష్యంలో, భార్యాపిల్లలు బాగుంటే నేను బాగున్నానని, లేకపోతే నేనే పాడయ్యానని బయటివాటిని మీద వేసుకుంటామన్నారు. వర్ణం, ఆశ్రమం, వయసు కూడా ఆ లెక్కలోనే వేశారు. ఇవాళైతే ప్యాకేజీ, లింక్డ్‌ఇన్‌లో పేరు కింద ఉండే లైను.

ఇక్కడే మనవాళ్లు కొందరు "అంతా మాయ, వదిలెయ్" అంటారు. నాకు ఒళ్లు మండే మాట. చేవెళ్ల నుంచి పూలు తెచ్చిన రైతుకి, రేటు పడిపోయిన పొద్దున ఆ మాట చెప్పి చూడండి! అద్వైతం దాన్ని ఉత్తదే అనలేదు, వ్యావహారిక సత్యం అంది. తాడుని పాము అనుకోవడం ప్రాతిభాసికం, దీపం తెస్తే పోతుంది. ఈఎంఐ దీపం తెస్తే పోదు. దాన్ని వ్యవహారంలోనే తేల్చుకోవాలి.

ఇక దేవుడి సంగతి. ఏ పువ్వు వెయ్యాలి, ఏ వేళ వెయ్యాలి, ఇందులో మనుషులు ఏర్పరచుకున్న ఆచారం చాలా ఉంది. ఒప్పుకోవడానికి భయమెందుకు? కానీ "నేను ఫెయిల్" అన్న ఆలోచన వచ్చినట్టు లోపల ఒకరికి తెలుస్తోంది కదా. నలుగురూ నువ్వు లేవన్నా, లేవంటున్నారని తెలుసుకునేవాడు ఉన్నాడు. ఆ సాక్షిని ఏ సమాజం తయారుచేసింది? వేదాంతం వెతకమన్న వస్తువు అదే.

తమ్ముడితో ఇంత చెప్పలేదు. మార్కెట్ బయట ఇద్దరం చాయ్ తాగాం. ఇంట్లో ఇంకా తెలియదట. రోజూ బ్యాగు వేసుకుని ఆఫీసుకన్నట్టే బయల్దేరుతున్నాడు. ఆ సాయంత్రం వాళ్ల నాన్నకి చెప్పేస్తానన్నాడు.