మిగులు ఎవరిది?

కాయకము, దాసోహము అను రెండు మాటలు వీరశైవ కుటుంబములలో పుట్టిన ప్రతి శిశువు చెవిని పడునవి. కాయకమనగా శరీరశ్రమతో, ధర్మమార్గమున తన పొట్టను తాను పోషించుకొనుట. దాసోహమనగా అట్లు ఆర్జించినదానిని 'నాది' అను భావము లేక గురులింగజంగమములకును, ఆకలిగొన్నవారికిని అర్పించుట. బసవేశ్వరుడు 12వ శతాబ్దమున కల్యాణపట్టణములో తీర్చిదిద్దిన శరణసమాజమునకు ఈ రెండును రెండు స్తంభములు. ఆ స్తంభములను కలుపు దూలము ఒకటి కలదు. దానిని గూర్చి ఉపన్యాసములలో చెప్పువారు తక్కువ. అది మితము. మనుష్యుడు ఎంత తీసికొనవచ్చును? అవసరమునకు మించి చేతికి వచ్చినది ఎవరికి చెందును? నీరు తరుగుచున్నది, నేల నిస్సారమగుచున్నది, ఎండ ముదురుచున్నది అని లోకమంతయు ఆందోళన చెందుచున్న ఈ కాలమున ఈ ప్రశ్న మఠములకును గృహములకును సమానముగా వర్తించును.

శరణులలో ఈ ప్రశ్నను అందరికంటె సూటిగా అడిగినది ఆయ్దక్కి లక్కమ్మ. ఆమె భర్త మారయ్య. 'ఆయ్ద అక్కి' అనగా కన్నడమున ఏరిన బియ్యము. శరణుల ముంగిళ్లలో నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యమును వండి జంగమములకు అర్పించి, ప్రసాదముగా మిగిలినది తాము భుజించుట ఆ దంపతుల నిత్యవ్రతము. కాయకమును కైలాసముతో సమానము చేసి చెప్పిన ప్రసిద్ధవాక్యము బసవేశ్వరుని పేర ప్రచారములో నున్నను, అది మారయ్య వచనములోనిదే. అట్టి మారయ్య ఒకనాడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతసింపలేదు. ఇంత ఏల తెచ్చితివని అడిగి, ఎక్కువైనదానిని ఎచ్చటనుండి తెచ్చెనో అచ్చటనే తిరిగి పోసి రమ్మని భర్తను పంపెను. మారయ్య వాదింపక వెళ్లి పోసి వచ్చెను.

ఈ కథను భక్తిపారవశ్యముతో వినుట సులభము. విచారించి చూచినచో మాత్రము మారయ్య పక్షమున చెప్పదగినవి మూడు మాటలున్నవి. మొదటిది, ఆ బియ్యము నేలరాలినది; తీసికొన్నందున ఎవరికిని నష్టము లేదు. రెండవది, వంగి ఏరినది మారయ్యయే. కావున అది శ్రమార్జితమే. మూడవది, అది ఇంట దాచుకొనుటకు కాదు, దాసోహమునకే. లోకమున ఏ న్యాయస్థానమైనను ఈ మూడింటిని విని మారయ్యను నిర్దోషి యనును. లక్కమ్మ అనలేదు. ఆమె దృష్టిలో నేటి అవసరమును దాటిన పిడికెడు గింజలతో పాటు ఆశ కూడ ఇంటిలో అడుగుపెట్టును. నేలరాలినదానికి యజమాని కనబడకపోవచ్చును, కాని దానిపై ఆధారపడిన ప్రాణి ఉండవచ్చును. తనవంటి మరియొక పేద యేరుకొనవచ్చును, పిచ్చుక తినవచ్చును, చీమ మోసికొని పోవచ్చును. యజమాని కనబడనంత మాత్రమున వస్తువు అనాథ కాదు. అన్నిటికంటె కఠినమైనది మూడవ మాటకు ఆమె చెప్పిన సమాధానము. ఉద్దేశము పవిత్రమైనంత మాత్రమున పరిమాణము పవిత్రము కాదు. దాసోహము పేరు చెప్పి ఎక్కువ తీసికొనినవాడు కూడ ఎక్కువ తీసికొనినవాడే.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ పుట్టును. దాసోహము లెక్కలు చూచుకొని చేయు పనియా? వచ్చువారు ఇంతమంది యని ఎంచి, గింజలు కొలిచి వండు ఇల్లు దాసోహగృహమెట్లగును? తుమకూరు సిద్ధగంగామఠమున 2019 జనవరి 21న లింగైక్యమొందిన శివకుమారస్వామివారు జోలె పట్టి ధాన్యము సేకరించి, కులమత భేదము లేక వేలాది విద్యార్థులకు అన్నమును, విద్యను, వసతిని సమకూర్చిరి. అట్టి మహాకార్యము పిసినారితనముతో సాగునది కాదు. ఆకలితో వచ్చినవాడు ఖాళీ విస్తరి ముందునుండి లేచిపోవుటకంటె నాలుగు గంపల అన్నము మిగిలిపోవుట మేలని వంటశాలలోని పెద్దలు అందురు. ఆ మాటలో కరుణ కలదు. దానిని త్రోసిపుచ్చుట తగదు.

అయితే ఆ మిగిలిన నాలుగు గంపలు ఎచ్చటికి పోవుచున్నవి? ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో వెలువరించిన లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున ప్రపంచమున వృథాయైన ఆహారము సుమారు 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతము ఇండ్లనుండి పోయినదే. ఒక కిలో బియ్యము పండుటకు వాననీరు, పారుదలనీరు కలిపి సగటున 2,500 లీటర్ల నీరు కావలయునని వ్యవసాయశాస్త్రజ్ఞుల అంచనా. అనగా అన్నము కుప్పలో పడినప్పుడు దానితోబాటు ఒక చేని నీరు, నాట్లు వేసిన స్త్రీల నడుమునొప్పి, మోసిన ఎద్దుల శ్రమ పడిపోవుచున్నవి. అంతటితో ఆగదు. కుప్పలో గాలి తగులక కుళ్లిన ఆహారమునుండి మీథేన్ వాయువు పుట్టును. భూమిని వేడెక్కించుటలో అది బొగ్గుపులుసు వాయువును మించినది. ఒకని ఆకలి తీర్చవలసిన పదార్థము రానున్నవారి ఎండను పెంచుచున్నది.

కావున దాసోహమునకును మితమునకును విరోధము లేదని గ్రహింపవలయును. లెక్క రెండు విధములు. ఇచ్చుటకు చేయి రాక వేయు లెక్క లోభము. ఇచ్చినది ప్రతి గింజయు ఒక నోటికి చేరవలెనని వేయు లెక్క శ్రద్ధ. తల్లి బియ్యము కొలిచి ఎసట పోయునప్పుడు ఆమెను లోభియని ఎవరును అనరు. అష్టావరణములలో ప్రసాదము ఒకటి. ఇష్టలింగమునకు అర్పించి స్వీకరించిన అన్నమును విస్తరిలో విడిచిపెట్టరాదను నియమము వీరశైవ గృహములలో తరతరములుగా కలదు. నిష్ఠాపరులైన వృద్ధులు పళ్లెమును నీటితో తొలిచి ఆ నీటిని త్రాగుట నేటికిని కొన్ని ఇండ్లలో కనబడును. పిల్లలు దానిని చూచి నవ్వవచ్చును. కాని ఆహారవృథా గూర్చి నేడు పండితులు వ్రాయుచున్న గ్రంథముల సారమంతయు ఆ పళ్లెములో నున్నది. ఒక్కొక్కరు ఇంటిలో పాటించు ఈ నియమము పెండ్లిపందిరిలో వేయిమంది కూర్చున్నప్పుడు ఏల మాయమగుచున్నది? అడుగకయే వడ్డించుట మర్యాదయను భ్రమ వలన. అడిగి, కొంచెముగా వడ్డించి, మరల వచ్చి అడుగుట మర్యాదలో లోపము కాదు. వడ్డించువాడు మరి రెండుసార్లు నడువవలయును, అంతే. ఆ నడకయే అతని కాయకము.

అన్నమునకు చెప్పినదే నీటికిని వర్తించును. సొన్నలిగె, అనగా నేటి షోలాపురమున, సిద్ధరామేశ్వరుడు 12వ శతాబ్దమున చెరువు త్రవ్వించెను. ఆ చెరువు నడుమ ఆయన పేర వెలసిన ఆలయము నేటికిని భక్తులతో కళకళలాడుచున్నది. అల్లమప్రభువు అచ్చటికి వచ్చి, మన్ను త్రవ్వువాడవని సిద్ధరాముని ఎత్తిపొడిచినట్లు శూన్యసంపాదనలో కలదు. ప్రభువు ఖండించినది చెరువును కాదు. 'నేను త్రవ్వించితిని' అను అహంకారమును. అహంకారము పోయినది, చెరువు నిలిచినది. లోకహితకార్యములు చేయు సంఘములకు ఇంతకుమించిన పాఠము లేదు.

తెలుగునాట పాల్కురికి సోమనాథుడు బసవపురాణము రచించిన కాకతీయయుగము గొలుసుకట్టు చెరువుల యుగము కూడ. పై చెరువు మత్తడి దూకిన నీరు క్రింది చెరువును నింపును. తూము తెరచి వంతు ప్రకారము నీరు విడుచుటకు నీరటికాడు ఉండెడివాడు. వేసవిలో పూడికమట్టిని బండ్లతో చేలకు తోలుకొనెడివారు. చెరువు లోతగును, చేను బలపడును. చెరువులో ప్రతివానికి వాటా కంటికి కనబడును. ఎండిన చెరువును చూచి ఊరంతయు జాగ్రత్తపడును. గొట్టపుబావిలో ఆ కనబడుట లేదు. ఒకడు ఎంత తోడుచున్నాడో ప్రక్కవానికి తెలియదు, తనకును తెలియదు. ప్రపంచములో భూగర్భజలమును అత్యధికముగా తోడుకొనుచున్న దేశము భారతదేశమే. లోకమంతటి వాడకములో ఇంచుమించు నాల్గవ వంతు ఇచ్చటిదే. వందల అడుగుల లోతున ఏండ్ల తరబడి ఇంకి నిలిచిన నీరు ఏ ఒక్కని కాయకఫలము? అది పూర్వుల వానలు విడిచిపోయినది, పుట్టబోవువారు ఎదురుచూచుచున్నది. లక్కమ్మ ప్రశ్న అచ్చటను నిలిచియున్నది: ఇంత ఏల తెచ్చితివి? 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీత ఆరంభించినప్పుడు రైతులు ఆ మట్టిని తమ చేలకు తోలుకొనిరి. ప్రభుత్వము ఒక పర్యాయము తీసిన పూడిక మరల చేరకుండ చూచుట మాత్రము ఊరివారి పనియే. బసవజయంతి వైశాఖమాసమున, చెరువులు ఎండియుండు కాలముననే వచ్చును. ఆనాడు ఊరేగింపుతో పాటు చెరువు కట్టపై ఒక్క పూట శ్రమదానము జరిగినచో ఆ ఉత్సవము శరణులకు మరింత సమీపమగును.

పవిత్రమైన ఉద్దేశము హానికి కారణమగు మరియొక దృష్టాంతము శ్రీశైలయాత్ర. మహాశివరాత్రికిని, ఉగాదికిని వేలాది భక్తులు, ముఖ్యముగా కన్నడదేశమునుండి, నల్లమల అడవిగుండ కాలినడకన మల్లికార్జునుని దర్శింపవచ్చుచుందురు. దారిపొడవునను దాతలు అన్నము, నీరు సమర్పించుట గొప్ప దాసోహము. అదే అడవి పెద్దపులులకు రక్షితప్రదేశము. నీటిపొట్లములు, ప్లాస్టిక్ సీసాలు అచ్చట పడినచో ఏరువారుండరు. అన్నపు వాసనగల సంచులను జింకలు, కోతులు మ్రింగును. దప్పిగొన్నవానికి నీరిచ్చిన పుణ్యము నోరులేని జంతువు కడుపులో గుదిబండగా మారవలయునా? జంగముడు జోలెతోను, తన పాత్రతోను సంచరించినవాడు. యాత్రికుడు తన చెంబు తాను తెచ్చుకొని, దాత కుండలతో చలివేంద్రము నడిపినచో దప్పియు తీరును, అడవియు నిలుచును.

ఇండ్లలోను మఠములలోను ఆచరింపదగినవి క్రొత్తవి కావు. మోదుగాకు, అడ్డాకు విస్తళ్లు, అరటాకులు తిన్న తరువాత పశువుకో ఎరువుగుంటకో చేరును. వాటిని కుట్టువారికి అది జీవనాధారము. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగునవి 2022 జూలై 1నుండి దేశమంతట నిషేధింపబడినవి. చట్టభయముకంటె ఆచారబలముతో వాటిని మానుట శ్రేయము. ప్రతి ఊరి సంఘమును స్టీలు పళ్లెములు, గ్లాసులు, వంటపాత్రలు ఉమ్మడిగా కొని ఉంచినచో పెండ్లికి, శుభకార్యమునకు పేదకుటుంబము సైతము అద్దె లేక వాడుకొనవచ్చును. పూజచేసిన బిల్వపత్రములు, పువ్వులు ఏటిలో కలుపుటకు మారుగా మఠపు తోటలో గుంటకు చేరినచో ఎరువగును. చేతులు కడిగిన నీరు మొక్కలకు పారవలయును. ప్రతి దాసోహమునకు ముందురోజు రాబోవువారి సంఖ్య విచారించుట, మిగిలిన అన్నము పాడుగాకముందే చేరవలసిన ఆశ్రమమునో వసతిగృహమునో ముందుగా నిర్ణయించుకొనుట వంటపెద్దల కర్తవ్యము.

ఒక ఇల్లు, ఒక మఠము ఇట్లు చేసినంత మాత్రమున లోకము బాగుపడునా యని కొందరు అడుగుదురు. పెద్ద కర్మాగారములు, సంపన్నదేశములు చేయుచున్న వినాశము ముందు ఒక పిడికెడు బియ్యమెంత? ఈ ప్రశ్నలో నిజము కలదు. నాలుగు కోకలతో సంవత్సరము గడుపు పేదరాలికి మితము బోధించుట ధర్మము కాదు. మితము అధికముగా గలవారికే మొదట విధి. శక్తిమంతులను ప్రశ్నించుటయు అవసరమే. అయినను లక్కమ్మ తన మాటతో కల్యాణపట్టణపు ధాన్యమంతయు మిగులునని లెక్కింపలేదు. తన చేతిలోనున్నది తనదియా, కాదా యని మాత్రమే విచారించెను. తన పిడికిలిని ప్రశ్నించుకొననివాడు ఇతరుల గాదెలను ప్రశ్నించునప్పుడు ఆ మాటకు బలముండదు. తిరిగి పోసి వచ్చినవానికి మాత్రము అడుగు అధికారము కలుగును.

వీరశైవులలో మరణించినవారిని సమాధి చేయుట ఆచారము. భూమినుండి పుట్టిన దేహమును ఏ కట్టెయు కాల్చక భూమికే అప్పగింతురు. అనగా ప్రతి భక్తుడును కడపట మారయ్యవలె తెచ్చినదానిని తిరిగి పోసి రావలసినవాడే. ఆ అప్పగింతను కడపటి దినము వరకు వాయిదా వేయక, ప్రతిదినము కొంచెము కొంచెముగా, విస్తరిలోను, చెరువులోను, అడవిలోను జరుపుకొనుటయే శరణమార్గము. అట్లు నడచిన ఇంట మిగులు ఎవరిదను ప్రశ్నకు సమాధానము దొరకును: ఇంకను రానివారిది.