మరక తుడుచు చేయి

మూలవాక్యము: గలతీయులకు 6:1



అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున నజరేతు అను చిన్న పట్టణము కలదు. మన ప్రభువు పెరిగిన ఊరి పేరే దానికిని. 1740 ప్రాంతమున మొరేవియను విశ్వాసులు అక్కడ స్థిరపడిరి. 1833లో జర్మనీనుండి వలసవచ్చిన మార్టిన్ అను పనివాడు, 1839 నాటికి ఆ పట్టణము చేరి, ఆరు తీగెల గిటార్లు చేసెను. ఆయన స్థాపించిన సంస్థ నేటికిని అక్కడనే కలదు.

ఆనాటి గిటార్లకు పూసినది లక్క పాలిషు. మోదుగ, రేగు చెట్ల కొమ్మలపై లక్కపురుగు పెట్టు పదార్థమును శుద్ధిచేసి, స్పిరిట్టులో కరిగించి పూయుదురు. మన వడ్రంగులకు ఇది తెలిసినదే. ఆ పూత కాగితమువలె పలుచన. కనుక పాత గిటారు రంగు మారినప్పుడు, పని తెలిసినవాడు వెంటనే గరుకు కాగితము పట్టుకొనడు. రంగు ఎందువలన మారెనో మొదట చూచును.

ఒకటి, పైన పట్టిన చెమట, ధూళి. తడిపి పిండిన మెత్తని గుడ్డతో అది పోవును.

రెండు, మంచువంటి తెల్లని మచ్చ. ఇది మురికి కాదు, పూతలో చిక్కుకొనిన చెమ్మ. ఎంత తుడిచినను పోదు. గుడ్డకు స్పిరిట్టు కొంచెమే తాకించి, మొదట కనబడని చోట పరీక్షించి, తరువాత మచ్చమీద తేలికగా పోనిత్తురు. పూత మెత్తబడి చెమ్మను విడుచును. చేయి ఒకచోట ఆగెనా, పూతయే లేచిపోవును.

మూడు, వయస్సుచేత వచ్చిన పసుపు వన్నె. ఇది చెడుగు కాదు. దీనిని గీకి కొత్త రంగు వేసినయెడల గిటారు మెరయును గాని, దాని విలువ బహుగా తగ్గును.

ప్రియులారా, సంఘములో మన చేయి ఎట్లున్నది? ఒక సహోదరుడు నాలుగు ఆదివారములు ఆరాధనకు రాకున్న, వాడు చల్లారిపోయెనని అరుగులమీద చెప్పుకొందుము. లోపల అప్పుల బాధ కలదో, బిడ్డను పోగొట్టుకొనిన దుఃఖము కలదో అడుగము. చెమ్మను మురికి అనుకొని రుద్దుదుము. వృద్ధురాలు పాత రాగములోనే పాడిన, అదియు దోషమే అందుము. అది దోషము కాదు, ఆమె విశ్వాసపు వన్నె.

నిజముగా తప్పిపోయినవాని సంగతి ఏమి? పాపమును పాపమనియే చెప్పవలెను. అయితే ప్రభువు మత్తయి 18:15లో నేర్పినట్లు, మొదట ఒంటరిగా, ఎవరును చూడని చోట చెప్పవలెను. మూలవాక్యములో పౌలు వాడిన గ్రీకు మాటయే, జెబెదయి కుమారులు వలలు బాగుచేసికొనుటను గూర్చియు వాడబడినది (మార్కు 1:19). చిరిగిన వలను జాలరి పారవేయడు. కూర్చుండి ముడివెంట ముడి వేయును. బాగుచేయువాడు తన్ను తానును చూచుకొనవలెనని అపొస్తలుడు హెచ్చరించుచున్నాడు. కోపముతో వణకు చేయి మచ్చను తీయదు, పూతను చీల్చును.

లక్క పాలిషుకు మరియొక గుణము కలదు. కొత్త పూత పాతదానిని కొంచెము కరిగించి దానితో ఏకమగును, అతుకు కనబడదు. తిరిగివచ్చిన సహోదరుని మనమును అట్లే చేర్చుకొందుము. వానిని వెనుక వరుసలో వేరుగా కూర్చుండబెట్టవద్దు. ఈ వారమే అట్టివాని ఇంటికి ఒంటరిగా వెళ్లుడి. మాటలాడుటకు ముందు వినుడి.

నజరేతులో వడ్రంగి పని చేసిన మన ప్రభువు మనకు అట్టి మృదువైన చేతులు దయచేయును గాక. ఆమేన్.