రక్షించినవాని మరునాడు

పిల్లలు చదువుకొను బొమ్మల కథలలో ఒక మహావీరుడు ఉండును. పట్టణము మీదికి ఆపద వచ్చును, జనులు దిక్కు తోచక పరుగులెత్తుదురు, అతడు ఆకాశమార్గమున వచ్చి శత్రువును కూల్చును. జనులందరు వీధులలో నిలిచి జయధ్వనులు చేయుచుండగా కథ సాధారణముగా ముగియును. ఆ మరునాటి ఉదయము అతడు ఎక్కడ మేల్కొనెను, అతని గాయములు ఎవరు కడిగిరి, ఆ వీధిలోనే వారము దినముల తరువాత నడచిపోవుచుండగా ఎవరైనను అతనిని పలుకరించిరా అను సంగతులు చిత్రకారునికి అంతగా పట్టవు.

పరిశుద్ధ గ్రంథము ఆ మరునాటిని దాచలేదు. ప్రసంగి గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో ఒక చిన్న పట్టణపు కథ యున్నది. దానిలో జనులు కొద్దిమంది. గొప్ప రాజొకడు దానిని ముట్టడివేసెను. ఆ పట్టణములోనున్న ఒక బీదవాడు తన జ్ఞానముచేత దానిని కాపాడెను. తరువాత వానిని ఎవరును తలంచుకొనలేదని చెప్పి ప్రసంగి ఊరకుండెను. అతని పేరు సహితము వ్రాయలేదు. ఆ పట్టణస్థులు కృతఘ్నులని మనము వెంటనే తీర్పు తీర్చుదుము. కాని రక్షింపబడినవాడు ఎందుకు మరచును అను ప్రశ్న అంత సులభమైనది కాదు. మరువబడుటయే గాక అనుమానింపబడినవాడు ఆ తరువాత ఎట్లు జీవింపవలెనను ప్రశ్న అంతకంటె కఠినమైనది. ఈ రెండు ప్రశ్నలను తన బ్రతుకులో మోసిన ఒక మనుష్యుడు కలకత్తా పట్టణమునకు రెండు పర్యాయములు వచ్చెను. మొదట యువకుడుగా, నిరీక్షణతో వచ్చెను. రెండవసారి నిర్దోషిగా వచ్చెను గాని, విరిగినవాడుగా వచ్చెను.

ఆయన పేరు వాల్డెమార్ హాఫ్కిన్. 1860లో రష్యా సామ్రాజ్యములోని ఒడెస్సాలో యూదుల కుటుంబమున జన్మించెను. విద్యయందు ప్రవీణుడైనను, అక్కడ ఆచార్య పదవి దొరకవలెనన్న రష్యా దేశపు సంఘములో చేరవలసి యుండెను. ఆయన అందుకు అంగీకరింపలేదు. క్రైస్తవులమైన మనము ఈ మాటను త్వరగా దాటిపోరాదు. ఉద్యోగమునకు వెలగా చెల్లించు బాప్తిస్మము బాప్తిస్మము కాదని ఆ యూదుడు గ్రహించెను, దానిని అడిగినవారు గ్రహింపలేదు. ఆయన దేశము విడిచి, తుదకు పారిసులోని పాశ్చర్ సంస్థకు చేరి, అక్కడ గ్రంథాలయపు పని చేయుచు, తీరిక సమయములో కలరా క్రిములను పరిశోధించెను. 1892 జూలై 18న తాను సిద్ధపరచిన టీకాను మొట్టమొదట తన శరీరములోనికే ఎక్కించుకొనెను.

1893లో ఆయన కలకత్తాకు వచ్చెను. మరుసటి సంవత్సరము మార్చి మాసములో పట్టణ ఆరోగ్యాధికారియైన సింప్సన్ దొర ఆయనను పిలిపించెను. కట్టల్ బాగాన్ అను బస్తీలో కలరా సోకి ఇద్దరు మరణించియుండిరి. ఆ బస్తీలో ఇంచుమించు 200 మంది కాపురముండిరి. హాఫ్కిన్ వారిలో 116 మందికి టీకాలు వేసెను. తరువాత ఆ బస్తీలో మరి 10 మందికి కలరా తగిలి 7 మంది చనిపోయిరి. ఆ పది మందియు టీకా వేయించుకొననివారే.

ప్రతి చోటను పని ఇంత సులభముగా జరుగలేదు. తెలియని దొర తెలియని మందును సూదితో ఒంటిలోనికి ఎక్కించెదనన్నప్పుడు బీదలు భయపడుట వింత కాదు. రాళ్లు రువ్విన సందర్భములు సహితము కలవు. ఆయన వెంటనున్న బెంగాలీ వైద్యులు జనుల యెదుట తామే ముందుగా టీకాలు వేయించుకొని వారి భయమును తీర్చిరి. హాఫ్కిన్ పేరు నిలిచినంతగా ఆ వైద్యుల పేర్లు నిలువలేదు. ప్రసంగి చెప్పిన బీదవాని జాడలో వారుకూడ ఉన్నారు.

1896లో బొంబాయిలో ప్లేగు బయలుదేరెను. ప్రభుత్వము ఆయనను అక్కడికి పంపెను. వైద్య కళాశాలలో ఒక గది, ఒక గుమాస్తా, కొందరు బంట్రోతులు, ఇంతియే ఆయనకు దొరికిన సాధన సంపత్తి. మూడు మాసములలో ప్లేగు టీకాను సిద్ధపరచి, 1897 జనవరి 10న మరల తన శరీరముమీదనే మొదట పరీక్షించుకొనెను. తరువాతి సంవత్సరములలో దేశమందు లక్షలకొలది జనులు ఆ టీకా వేయించుకొనిరి. రాణిగారి ప్రభుత్వము బిరుదునిచ్చెను. బొమ్మల కథయైనయెడల ఇక్కడ ముగియవలసినది.

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కొవాల్ అను గ్రామములో 107 మందికి ప్లేగు టీకాలు వేయబడెను. వారిలో 19 మంది కొలది దినములలోనే ధనుర్వాతము కలిగి మరణించిరి. ఆ పందొమ్మిది మందికిని మందు ఒకే సీసాలోనుండి ఇవ్వబడినది. ఆ సీసా బొంబాయి ప్రయోగశాలలోనే చెడినదని మొదట విచారించినవారు తలంచిరి. హాఫ్కిన్ అధిపత్యమునుండి తొలగింపబడి, తుదకు ఇంగ్లండుకు వెళ్లిపోయెను. ఆ గ్రామములో సీసా బిరడా తీయుచుండగా చిన్న పట్టకారు నేలబడెననియు, దానిని సరిగా శుద్ధిచేయకయే మరల వాడిరనియు విచారణలో తేలినను, ఆ సంగతికి తగిన విలువ దొరకుటకు సంవత్సరములు పట్టెను.

ఆయన పక్షమున నిలిచినవారిలో ముఖ్యుడు రోనాల్డ్ రాస్. మన సికింద్రాబాదులోని బేగంపేటలో 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినవాడు, మరుసటి సంవత్సరము కలకత్తా ఆసుపత్రిలో ఆ పరిశోధనను కొనసాగించినవాడు, 1902లో నోబెల్ బహుమానము పొందినవాడు ఈయనయే. రాస్, ఆయనతోకూడ మరి కొందరు పేరెన్నికగన్న శాస్త్రజ్ఞులు, 1907లో లండను టైమ్స్ పత్రికలో బహిరంగముగా హాఫ్కిన్ నిర్దోషియని వ్రాసిరి. ఆ సంవత్సరాంతమునకు ప్రభుత్వము ఆయనమీది నిందను తొలగించి మరల ఉద్యోగమిచ్చెను. బొంబాయిలో ఆయన స్థానమున అప్పటికే వేరొకరు ఉండిరి. కావున కలకత్తాకు పంపిరి. అక్కడ ప్రయోగశాల యుండెను, జీతముండెను, గౌరవమైన పదవి యుండెను. అయితే మనుష్యులకు టీకాలు వేసి పరీక్షించుటకు మాత్రము ఆయనకు సెలవు లేకపోయెను. బస్తీలలో తిరిగి టీకాలు వేసిన చేతికి ఇక సీసాలు, కాగితములు మాత్రమే మిగిలెను.

నిర్దోషియని తీర్పు చెప్పుట యొకటి, నమ్ముట మరియొకటి. తీర్పు కాగితముమీద వ్రాయవచ్చును. నమ్మిక అట్లు వ్రాయుటకు వీలులేనిది. సంఘములలో సహితము మనము దీనిని చూచుచున్నాము. ఒక ఉపదేశకునిమీద నింద మోపబడును, కమిటీ విచారించును, నింద అబద్ధమని తీర్మానము వ్రాయబడును. అయినను పండుగ దినమున ప్రసంగము మరియొకరికి ఇయ్యబడును. ఎందుకని అడిగినయెడల ఎవరును కారణము చెప్పరు. నిజముగా కారణమేదియు ఉండదు. అనుమానము వచ్చునప్పుడు మాత్రమే కారణము అవసరము, నిలిచియుండుటకు అవసరము లేదు.

ఇక మొదటి ప్రశ్న. రక్షింపబడినవాడు ఎందుకు మరచును? కట్టల్ బాగాన్ బస్తీని మరల చూడుడి. టీకా వేయించుకొనక చనిపోయిన ఏడుగురు ఎవరో ఇరుగుపొరుగువారికి తెలియును. వారి ఇండ్లలో ఏడ్పు వినబడెను. కాని టీకా వేయించుకొనిన 116 మందిలో, అది లేనియెడల చనిపోయి యుండెడివారు ఎవరు? ఇద్దరా, అయిదుగురా, ఎవరెవరు? చూపింప సాధ్యము కాదు. వారిలో ఏ ఒక్కడును తన రొమ్ముమీద చేయి వేసికొని, ఆ రక్షింపబడినవాడను నేనేయని చెప్పలేడు. నీటిలో మునుగుచున్నవానిని ఒడ్డునకు లాగినవాడు కృతజ్ఞత పొందును, ఏలయనగా మునిగినవాడు నీటిని త్రాగెను. నది గట్టు తెగకుండ రాత్రియంతయు మన్ను వేసినవానికి తెల్లవారి ఎవరు నమస్కారము చేయుదురు? ఊరు ఎప్పటివలెనే యుండెను. రాని మరణమునకు సాక్షి యుండడు. కావున మరచుట యెల్లప్పుడు దుర్మార్గతనుండియే పుట్టదు. మేలు కనబడదు, కీడు కనబడును. ముల్కొవాలులో చనిపోయిన 19 మందికి పేర్లుండెను, సమాధులుండెను, తలిదండ్రులుండిరి.

ఇక్కడ వీరుని పక్షము వహించువారు ఒక పొరపాటు చేయుదురు. లక్షల మందిని కాపాడినవానిని పందొమ్మిది మంది నిమిత్తము నిందింపవచ్చునా యని వాదింతురు. ఈ వాదము వినుటకు బాగుగనే యుండును. అయితే దీనిని ముల్కొవాలులో బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లియెదుట నిలిచి చెప్పగలవాడెవడు? ఒక్కడు పోయినను జనమంతయు నిలుచుట మేలని లెక్కకట్టినవాడు కయప. సువార్తికుడు ఆ లెక్కను మెచ్చుకొనుటకై వ్రాయలేదు. హాఫ్కిన్ నిర్దోషియని రుజువుపరచుటకు లక్షల లెక్క అక్కరలేదు, సత్యము చాలును. పట్టకారు ఎక్కడ పడెను, సీసా ఎక్కడ చెడెను అను ప్రశ్నలకు జవాబు వెదకవలెను. ఆయన మేలు చేసినవాడు గనుక నిర్దోషి కాడు, ఆ కీడు ఆయన చేయలేదు గనుక నిర్దోషి.

ఆశ్చర్యమేమనగా, కయప లెక్కను హాఫ్కిన్‌మీద ప్రయోగించినవారు వేరుగా నుండిరి. గ్రామములలో భయము వ్యాపించుచున్నది, టీకాలమీద నమ్మకము చెడుచున్నది, ఎవరో ఒకరు బాధ్యులుగా కనబడవలెను. ఒక్క మనుష్యుని ప్రక్కకు తొలగించినయెడల యంత్రము సాగిపోవును. ఆ ఒక్కడు పరదేశి, యూదుడు, మొదట వైద్య పట్టాకూడ లేనివాడు కావుట ఆ పనిని సులభము చేసెను. ఫ్రాన్సు దేశమున చేయని నేరమునకు శిక్షింపబడిన డ్రైఫస్ అను యూదు సైనికాధికారి సంగతిని జ్ఞాపకము చేసికొని, దీనిని చిన్న డ్రైఫస్ వ్యవహారమని కొందరు పిలిచిరి. మన ప్రభువు శరీరమునుబట్టి ఏ జనములో పుట్టెనో ఆ జనమే ఇట్టి లెక్కలలో తరచుగా తీసివేయబడు అంకె యగుట క్రైస్తవ రాజ్యముల చరిత్రలోని మచ్చ.

ఆ లెక్క పాతబడిపోలేదు. 2020 మార్చి 22న దేశమంతట జనులు వాకిండ్లలో నిలిచి కరోనా రోగులకు పరిచర్య చేయువారి నిమిత్తము చప్పట్లు కొట్టిరి, పళ్లెములు మ్రోగించిరి. ఆ దినములలోనే కొన్ని పట్టణములలో ఇంటి యజమానులు నర్సులను ఇండ్లు ఖాళీచేయుమనిరి. మే మాసములో కోల్‌కతాలోని ప్రైవేటు ఆసుపత్రులనుండి మణిపూరు మొదలైన రాష్ట్రముల నర్సులు వందల సంఖ్యలో పని విడిచి స్వస్థలములకు వెళ్లిపోయిరి. తమ్మును జనులు చూచిన చూపునుగూర్చి వారిలో కొందరు చెప్పిన మాటలు పత్రికలలో వచ్చెను. చప్పట్లు కొట్టిన చేతులును, తలుపు మూసిన చేతులును వేరువేరు మనుష్యులవని మనము అనుకొనగోరుదుము. అన్ని చోట్ల అట్లు కాకపోవచ్చును.

కర్మెలు పర్వతముమీద అగ్ని దిగివచ్చిన తరువాత ఏలీయా అరణ్యములో బదరీవృక్షము క్రింద పడి, ఇక ప్రాణము తీసికొనుమని దేవుని వేడుకొనెను. దేవుడు అతనితో వాదింపలేదు. నీవు గొప్ప కార్యము చేసితివి గదా అని కర్మెలును జ్ఞాపకము చేయలేదు. నిద్రపోనిచ్చెను. దూత అతనిని తట్టి లేపి రొట్టెయు నీళ్లును చూపెను. అతడు తిని మరల పండుకొనెను, దూత రెండవసారి వచ్చెను. అలసిన సేవకుని విషయములో మన సంఘములు సామాన్యముగా చేయునది దీనికి విరుద్ధము. శాలువా కప్పి సన్మానింతుము, లేదా కమిటీకి పిలిచి ప్రశ్నింతుము. రొట్టె కాల్చి తీసికొనిపోవుట తక్కువ. ఏలీయాకు మరియొక కర్మెలు ఇయ్యబడలేదని కూడ గమనింపవలెను. అతనికి ఇయ్యబడినవి చిన్న పనులుగా కనబడును: ఒకనిని అభిషేకించుట, మరియొకనిని పిలుచుట, తన స్థానమును వేరొకనికి అప్పగించుట.

హాఫ్కిన్ కలకత్తాలో గడపిన రెండవ కాలమునుగూర్చి జీవితచరిత్రకారులు కొద్ది పుటలలోనే ముగింతురు. సంఘటనలు లేవు గదా. 1892లో సూదిని తన శరీరములోనికి పొడుచుకొనుటకు ధైర్యము కావలెను, నిజమే. అయితే అది ఒక్క గడియ ధైర్యము, లోకము చూచుచున్న ధైర్యము. 1908 నుండి 1914 వరకు ప్రతి ఉదయము ప్రయోగశాలకు నడచి, తాను చేయగల పనిని చేయనియ్యని వారి క్రింద, చేయనిచ్చిన పనినే చేయుట వేరొక విధమైనది. ఆయన దానిని ఓర్పుతో చేసెనో, మనసు చేదుగా చేసెనో, కొన్ని దినములు అట్లును కొన్ని దినములు ఇట్లును చేసెనో దేవునికి తెలియును. చేదు ఉండెననుకొనినను ఆయన గొప్పతనము తగ్గదు. గాయము లేనట్లు నటింపవలెనని వీరుని అడుగుట, అతనిని రెండవసారి ఒంటరిగా విడుచుటయే.

1914లో ఆయన కలకత్తా కొలువు చాలించి యూరోపుకు మరలెను. వివాహము చేసికొనలేదు. చివరి సంవత్సరములలో తన పితరుల విశ్వాసమునకు మరింత దగ్గరయై, యూదుల మతవిద్యకొరకు తన ధనమును ఏర్పరచి, 1930లో స్విట్జర్లాండులోని లొజానులో మరణించెను. అంతకు ముందు 1925లో బొంబాయి ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టబడెను.

కలకత్తాలో ఆయన రెండవసారి నివసించిన సంవత్సరములలో, 1894 నాటి ఆ 116 మందిలో కొందరైనను ఇంకను బ్రతికియుండిరని తలంచుట తప్పు కాదు. పిల్లలుగా సూది పొడిపించుకొనినవారు అప్పటికి పిల్లల తల్లులును తండ్రులునై యుందురు. ఒకప్పటి ఆ దొర అదే పట్టణములో, కొంత దూరములోనే, సీసాల నడుమ కూర్చుండియున్నాడని వారికి తెలిసియుండదు. తమలో ఎవరు ఆనాడు చావవలసియుండి చావలేదో అదియు వారికి తెలియదు. ఆయనకును తెలియదు.